క్యూబాలో కాలం ఆగలేదు: గోడల్లో, బొమ్మల్లో, వీధుల్లో చదవాల్సిన చరిత్ర

క్యూబా అనగానే కళ్లముందు కదిలే బొమ్మ దాదాపు అందరికీ ఒకటే. పెచ్చులూడిన గోడ, దాని ముందు గులాబీ రంగు పాత అమెరికన్ కారు, గుమ్మంలో చుట్ట కాలుస్తున్న పెద్దాయన. ట్రావెల్ ఏజెన్సీల బ్రోషర్ల నుంచి యూట్యూబ్ వీడియోల దాకా ఇదే బొమ్మ, దాని కింద ఒకటే మాట: కాలం ఆగిపోయిన దేశం. ఈ మాట నమ్మి వెళ్లినవాళ్లకు అక్కడ ఫొటోలు దొరుకుతాయి కానీ చరిత్ర దొరకదు. ఆ కారు సంగతే చూద్దాం. 2011 దాకా క్యూబాలో మామూలు జనం స్వేచ్ఛగా అమ్ముకోగలిగినవి 1959 విప్లవానికి ముందు దేశంలోకి వచ్చిన కార్లే. అమెరికా ఆంక్షలతో విడిభాగాలు రావడం ఆగిపోయాక ఆ బానెట్ల కిందికి సోవియట్ ఇంజన్లు వచ్చాయి, ఆ తరవాత జపాన్, కొరియా డీజిల్ ఇంజన్లు వచ్చాయి. పైకి 1955 నాటిదిలా కనిపించే బండి లోపల అరవై ఏళ్ల చట్టాలు, కొరతలు, మెకానిక్కుల తెలివితేటలు పనిచేస్తున్నాయి. పెచ్చులూడిన ఆ గోడ వెనకా అలాంటి చట్టాలే ఉన్నాయి.

అందుకే క్యూబా చరిత్రను, దృశ్య సంస్కృతిని, నిర్మాణకళను ప్రయాణంలో చదవాలనుకునేవాళ్లు ఏ కట్టడం ముందు నిలబడినా మూడు విషయాలు ఆరా తీయాలి. ఎవరి డబ్బుతో లేచింది? ఎవరి చేతులు కట్టాయి? తరవాత వచ్చినవాళ్లు దాన్నేం చేశారు? ఈ మూడోది క్యూబాలో మరీ ముఖ్యం. స్పెయిన్ రాజప్రతినిధులు, అమెరికన్ సైనిక పాలకులు, గణతంత్ర అధ్యక్షులు, నియంతలు, విప్లవకారులు ఒకరి తరవాత ఒకరు ఈ ద్వీపాన్ని ఏలారు. ఎవరూ ముందువాళ్ల కట్టడాలను పూర్తిగా నేలమట్టం చేయలేదు, ఉన్నవాటిని ఉన్నట్టు వదిలేయనూ లేదు. పేర్లు మార్చారు, విగ్రహాలు దించారు, సైనిక శిబిరాన్ని బడి చేశారు, అధ్యక్ష భవనాన్ని మ్యూజియం చేశారు.

ఓడరేవు నుంచి మొదలుపెట్టాలి

రాజధాని హవానా చదువు అఖాతం ముఖద్వారం దగ్గర మొదలుపెడితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. 1519లో ఇప్పుడున్నచోట స్థిరపడిన ఈ ఊరికి బంగారు గనుల్లేవు. ఊరిని పెంచింది దాని రేవు. మెక్సికో, పెరూల నుంచి వెండి మోసుకొచ్చే స్పెయిన్ ఓడలు సముద్రపు దొంగల భయంతో ఇక్కడ గుమిగూడి, మందగా కలిసి, గల్ఫ్ ప్రవాహాన్ని పట్టుకుని అట్లాంటిక్ దాటేవి. గాలి అనుకూలించేదాకా వారాలు, నెలలు ఆగాల్సొచ్చేది. అంతకాలం నావికులకు తిండి, పడక, వినోదం సమకూర్చడం, ఓడలకు మరమ్మతులు చేయడం మీదే ఊరు బతికింది. ఆ వెండిని కాపాడటానికే ముందు రియల్ ఫుయెర్సా కోట, 1589లో మొదలైన మోరో కోట, దానికి ఎదురుగా లా పుంతా కోట వచ్చాయి.

1762లో ఇంగ్లీషువాళ్లు హవానాను ముట్టడించినప్పుడు అఖాతానికి తూర్పున ఉన్న లా కబాన్యా కొండ మీద సరైన కోట లేకపోవడం స్పెయిన్ కొంప ముంచింది. శత్రువులు ఆ ఎత్తు మీదికి ఫిరంగులు చేర్చి మోరో కోటను దెబ్బతీశారు, ఆగస్టులో నగరం లొంగిపోయింది. ఆక్రమణ ఏడాది కూడా నిలవలేదు. 1763లో ఫ్లోరిడాను ఇచ్చి స్పెయిన్ హవానాను వెనక్కి తీసుకుంది. కానీ ఆ కొద్ది నెలల్లోనే ఇంగ్లీషు వర్తకులు వేలమంది ఆఫ్రికన్ బానిసలను తెచ్చి అమ్మారు. రేవు తలుపులు బార్లా తెరిస్తే చక్కెరలో ఎంత లాభముందో హవానా ధనికులు అప్పుడు రుచి చూశారు. స్పెయిన్ మాత్రం నేర్చుకున్న పాఠాన్ని రాతితో రాసింది. 1774కల్లా లా కబాన్యా కొండ పొడవునా పెద్ద కోట లేచింది. ఖర్చు లెక్క విని, అంత పెద్ద కోట మాడ్రిడ్ నుంచే కనిపించాలని రాజు మూడో కార్లోస్ దుర్భిణి తెమ్మన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. 1959 తొలి నెలల్లో ఇదే కోట చే గెవారా అధీనంలో ఉంది. పాత ప్రభుత్వపు సైనికాధికారులు, పోలీసుల విచారణలు, మరణశిక్షలు ఇక్కడే జరిగాయి. ఇప్పుడు రోజూ రాత్రి 9 గంటలకు పాతకాలపు సైనిక దుస్తుల్లో ఫిరంగి పేలుస్తారు, పర్యాటకులు చప్పట్లు కొడతారు. 1763, 1959, నేటి టికెట్టు డబ్బు, మూడూ ఒకే గోడ మీద ఉన్నాయి. గైడు వీటిలో ఏది ఎక్కువసేపు చెబుతున్నాడో గమనించడమూ చదువులో భాగమే.

ఆ 1762 యుద్ధపు జ్ఞాపకం మరోచోట విచిత్రంగా తేలింది. హోసే ఆంతోనియో అపోంతె హవానాలో వడ్రంగి, చెక్కడపు పనివాడు. నల్లజాతివాడు, బానిస కాదు, స్వతంత్రుడు. బానిసల తిరుగుబాటుకు కుట్ర చేశాడని 1812లో పట్టుకుని ఇంట్లో సోదా చేస్తే ఒక బొమ్మల పుస్తకం బయటపడింది. అపోంతె స్వయంగా గీసినవి, అచ్చు బొమ్మల్లోంచి కత్తిరించి అతికించినవి అందులో ఉన్నాయి. ఇథియోపియా రాజులు, నల్లజాతి సైనికులు, హవానా వీధులు, కోటలు, ఇంగ్లీషువాళ్లతో పోరాడిన సొంత తాత. అధికారులకు అవి అంతుబట్టలేదు. ఒక్కొక్క పేజీ చూపించి ఇదేమిటి, అదెందుకు గీశావని ప్రశ్నించారు, జవాబులు రాసుకున్నారు. 1812 ఏప్రిల్ 9న అపోంతెను ఉరితీసి, తలను బోనులో పెట్టి జనానికి కనిపించేలా వేలాడదీశారు. పుస్తకం ఆ తరవాత కనబడకుండా పోయింది. ఇవాళ దాని గురించి తెలిసిందంతా ఆ విచారణ రికార్డుల్లోంచే. క్యూబా దృశ్య సంస్కృతిలో అతి ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటి, దాని కర్తను చంపినవాళ్ల కాగితాల్లో మాటలుగా మాత్రమే మిగిలింది. మోరో కోట ముందు నిలబడిన విద్యార్థికి ఈ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం. ఆ కోటను ఒక నల్లజాతి వడ్రంగి తన కళ్లతో చూసి, తన వంశచరిత్రలో భాగంగా గీసుకున్నాడు. మ్యూజియంలో వేలాడే దొరల చిత్రపటాలు మాత్రమే ఆ కాలపు దృశ్యాలు అనుకుంటే సగం నగరం కనపడకుండా పోతుంది.

ఇల్లు, అటక, అద్దె చట్టం

పాత హవానా ఇళ్లలో పెద్దది ఏదైనా తీసుకుంటే నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ స్తంభాల వసారాలు, వాటిలోకి తెరుచుకునే గదులు ఉంటాయి. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవాళ్లకు గాలి, వెలుతురు లోపలికెలా వస్తాయో చెప్పనక్కర్లేదు. వీధి వైపు కిటికీలు నేల దగ్గర మొదలై మనిషి ఎత్తును దాటి పైకి పోతాయి. వాటి ఊచలు చూసి కాలం పోల్చుకోవచ్చు. తరిణె పట్టిన చెక్క ఊచలైతే ఎక్కువగా 18వ శతాబ్దం, ఇనుపవైతే 19. ద్వారం పైన విసనకర్రలా విచ్చుకున్న అర్ధచంద్రాకారపు రంగుటద్దాలు ఉష్ణమండలపు ఎండను ఎరుపుగా, నీలంగా, పసుపుగా విడగొట్టి నేల మీద పరుస్తాయి. ఈ అద్దాలే చిత్రకారిణి అమేలియా పెలాయెస్ చేతిలో ఆధునిక చిత్రకళ అయ్యాయి. ఆమె గీసే లావాటి నల్ల గీత ఆ అద్దాలను పట్టి ఉంచే చట్రమే. గీతల మధ్య నింపిన రంగు వాటిలోంచి వచ్చే వెలుగే. 1958లో తెరిచిన హవానా హిల్టన్ హోటల్ ముందుభాగానికి ఆమె భారీ కుడ్యచిత్రం చేశారు. హోటల్, భోజనశాల కార్మికుల పింఛను నిధి డబ్బుతో కట్టిన ఆ భవనంలో 1959 జనవరిలో ఫిడెల్ కాస్ట్రో మకాం పెట్టారు. తరవాత దాని పేరు హబానా లిబ్రే అయింది.

ధనికులు 19వ శతాబ్దం చివర్లో పాత ఊరు వదిలి వెదాదోకు తరలారు. 1859లో గళ్లుగా గీసిన ఆ పేటలో వీధులకు పేర్ల బదులు అంకెలు, అక్షరాలు పెట్టారు. ప్రతి ఇంటి ముందు తోట, వసారా వదలాలని నియమం పెట్టారు. వాళ్లు ఖాళీ చేసిన పాత భవంతులు గదికో కుటుంబం చొప్పున అద్దెకు పోయాయి. ముంగిలి ఉమ్మడి అయింది, కుళాయి ఉమ్మడి అయింది. ఇలాంటి ఇళ్లను అక్కడ సోలార్ అంటారు. విప్లవం వచ్చాక 1959లో అద్దెలు సగం దాకా తగ్గించారు. 1960 అక్టోబరు చట్టంతో అద్దెకున్నవాళ్లే ఇంటి యజమానులయ్యే దారి ఏర్పడింది. లక్షల కుటుంబాలకు రోడ్డున పడతామన్న భయం తీరిపోయింది. ఇది చిన్న విషయం కాదు, ఈ కథ చెప్పేటప్పుడు దాన్ని మింగేయకూడదు. అయితే ఇల్లు సొంతమైనవాళ్లకు సిమెంటు, ఇనుము, రంగు బజారులో దొరకలేదు. 2011 దాకా ఇల్లు అమ్మే వీల్లేదు, మార్చుకోవడమే. ఆ పాత గదుల ఎత్తు చాలా ఎక్కువ కాబట్టి పిల్లలకు పెళ్లిళ్లయ్యేసరికి నడుమ చెక్కతోనో కాంక్రీటుతోనో అటక వేసి ఒక గదిని రెండు చేశారు. దీన్ని బర్బకోవా అంటారు. పాత గోడలు ఆ బరువు మోయడానికి కట్టినవి కావు. సముద్రపు ఉప్పుగాలికి దూలాలు తుప్పుపడతాయి, వాన పడి ఎండ కాసినప్పుడు బాల్కనీలు, మెట్లు, ఒక్కోసారి ఇళ్లే కూలుతాయి. మనుషులు చనిపోతారు. పెచ్చులూడిన గోడ ముందు కెమెరా తీసేవాళ్లు ఆ గోడ వెనక అటక మీద ఎవరో నిద్రపోతున్నారని గుర్తుపెట్టుకోవాలి.

చెరకు తోటల లోయ

హవానాలోనే వారం గడిపి తిరిగొచ్చే యాత్రలు చాలా ఉన్నాయి. వాటిలో క్యూబా చరిత్రకు అసలు ఇంజనైన చక్కెర కనిపించదు. దానికి దక్షిణ తీరంలోని త్రినిదాద్ ఊరికి వెళ్లాలి. వెస్టిండీస్ క్రికెట్ వల్ల మనకు తెలిసిన ట్రినిడాడ్ వేరు, ఇది వేరు. 1514లో పుట్టిన ఈ ఊరు గులకరాళ్ల వీధులు, పెంకుటిళ్లు, పాలిపోయిన పసుపు, నీలం గోడలతో కన్నుల పండువగా ఉంటుంది. ఆ అందానికి డబ్బు పక్కనే ఉన్న లోయలోంచి వచ్చింది. 1791లో హైతీలో బానిసలు తిరగబడ్డాక ప్రపంచపు చక్కెర బజారులో ఖాళీ ఏర్పడింది. క్యూబా తోటల యజమానులు ఆ ఖాళీలోకి దూకారు. ఈ లోయలో యాభైకి పైగా చక్కెర మిల్లులు నడిచాయి. బానిస వ్యాపారం సాగినంత కాలంలో క్యూబాకు మొత్తమ్మీద సుమారు 8 లక్షలమంది ఆఫ్రికన్లను తెచ్చారు, అందులో అత్యధికులు ఈ చక్కెర శతాబ్దంలోనే. 1847 నుంచి 1874 దాకా మరో లక్షా పాతికవేలమంది చైనీయులను ఒప్పందపు కూలీలుగా తెచ్చారు. బానిసత్వం 1886లో గానీ రద్దు కాలేదు.

లోయలో మనాకా ఇస్నాగా తోట దగ్గర దాదాపు 45 మీటర్ల ఎత్తు బురుజు ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడే ఏడు అంతస్తులు, ఒక్కో అంతస్తుకూ కమాను కిటికీలు. వాస్తుకళ దృష్టితో చూస్తే తేలికైన, అందమైన కట్టడం. పైకెక్కితే దాని పని ఏమిటో తెలుస్తుంది. లోయలో మూలమూలా కనబడుతుంది, ఏ చేలో ఎవరున్నారో కనబడుతుంది. పొద్దున్నే పని మొదలెట్టమని, సాయంత్రం ఆపమని గంట ఇక్కడినుంచే మోగేది. ఇప్పుడా గంట కింద నేల మీద ఉంది, పర్యాటకులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. బురుజు చుట్టూ తాళ్ల మీద ఆరేసినట్టు తెల్లటి కుట్టుపని బల్లగుడ్డలు అమ్ముతారు.

ఈ బురుజుతో పాటు చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి ఊళ్లో కాంతేరో భవనం. తోటల యజమాని హుస్తో కాంతేరో ఇల్లు, ఇప్పుడు మునిసిపల్ చరిత్ర మ్యూజియం. రెండోది 1857లో ఆయన వివరణలతో వెలువడిన చక్కెర మిల్లుల ఆల్బమ్. దానికి రంగుల రాతి అచ్చులు చేసింది ఫ్రెంచివాడు ఎదువార్దో లాప్లాంత్. వాటిలో పొగగొట్టాలు నిటారుగా ఉంటాయి, ఆవిరి యంత్రాలు మెరుస్తుంటాయి, మిల్లు లోపల అంతా క్రమశిక్షణగా సాగుతుంటుంది. పనిచేసే మనుషులు చిన్న చిన్న బొమ్మలు, ముఖాలు ఆనవు. బానిసలుండే బరాకులు అన్ని కట్టడాల్లో ఒక కట్టడంగా శుభ్రంగా కనిపిస్తాయి. ఇది అబద్ధాల పుస్తకం అని తోసెయ్యలేం, యంత్రాల వివరాలకు ఇవాళ్టికీ పనికొస్తుంది. కానీ అది యజమాని చూపు. బురుజు మీదినుంచి చూసిన దృశ్యమూ యజమాని చూపే. ఆల్బమ్ పుటను, బురుజు కిటికీని ఒకే రోజు చూసిన విద్యార్థికి చూపుకూ అధికారానికీ ఉన్న సంబంధం వేరే పాఠం చెప్పకుండానే తెలుస్తుంది.

త్రినిదాద్ ఇంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది? దాని వెనక పరిరక్షణ స్పృహ కంటే దివాలా ఎక్కువ. 1837లోనే, అంటే స్పెయిన్‌లో రైలు రాకముందే, హవానా నుంచి బెహుకాల్‌కు రైలు నడిచింది. చక్కెర మోయడానికే ఆ దారులు పడ్డాయి. కొత్త పట్టాలు, పెద్ద యంత్రాలు, అలసిపోని నేలలు ఉన్న మతన్జాస్ వైపు పెట్టుబడి తరలిపోయింది. త్రినిదాద్ వెనకబడింది, 1868లో స్పెయిన్ మీద మొదలైన స్వాతంత్ర్య యుద్ధం మిగిలిన మిల్లులనూ దెబ్బతీసింది. పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోవడంతో ఊరు అలాగే ఉండిపోయింది. 1988లో యునెస్కో ఊరిని, లోయను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కలిపి చేర్చడం చాలా సరైన పని. లోయ లేని త్రినిదాద్ అర్థం లేని అందం.

మతన్జాస్ దాకా వెళ్లగలిగితే సాన్ సెవెరినో కోటలో బానిసల దారి మ్యూజియం ఉంది. ఆ ప్రాంతంలోని త్రియున్విరాతో మిల్లులో 1843లో తిరుగుబాటు జరిగింది. దాని నాయకుల్లో కార్లోతా అనే ఆఫ్రికన్ స్త్రీ ఉంది. 1975లో అంగోలాకు సైన్యం పంపినప్పుడు క్యూబా ఆ చర్యకు పెట్టిన పేరు ఆమెదే. ఇక విఫ్రెదో లామ్ 1943లో పూర్తిచేసిన ‘అడవి’ అనే చిత్రం న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. చైనా తండ్రికి, ఆఫ్రికన్, స్పెయిన్ మూలాలున్న తల్లికి పుట్టిన ఈ చిత్రకారుడు చెరకు గడల నడుమ చంద్రవంకల్లాంటి ముఖాలను నిలబెట్టాడు. చెరకు అడవిలో పెరగదు, మనుషుల చేత పెంచితే పెరుగుతుంది. లాప్లాంత్ బొమ్మల్లో ఆనని ముఖాలు తొంభై ఏళ్ల తరవాత చూసేవాడి మీదికే తిరిగినట్టుంటాయి.

దించిన విగ్రహాలు, మిగిలిన బూట్లు

1898 ఫిబ్రవరి 15న హవానా అఖాతంలో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయింది. 260 మందికి పైగా చనిపోయారు. స్పెయిన్ మీద యుద్ధానికి అదొక కారణమైంది. 1925లో సముద్రపు ఒడ్డున సాగే మలెకోన్ రోడ్డు మీద రెండు పాలరాతి స్తంభాలతో స్మారకం కట్టి, పైన కంచు గద్దను నిలబెట్టారు. 1961లో స్మారకం మీది గద్దను కిందికి లాగేశారు, అమెరికా నాయకుల శిల్పాలను తీసేశారు. క్యూబాను చేజిక్కించుకోవాలన్న సామ్రాజ్యవాద ఆశకు బలైన నావికులకు అంటూ కొత్త ఫలకం పెట్టారు. చనిపోయినవాళ్లను గౌరవించడం మానలేదు, వాళ్లను చంపిందెవరన్న కథ మార్చారు. గద్ద మొండెం నగర మ్యూజియం చేరింది, తల అమెరికా దౌత్యవేత్తల దగ్గరకు చేరింది. అదే వెదాదోలో అధ్యక్షుల వీధిలో తొలి అధ్యక్షుడు తోమాస్ ఎస్త్రాదా పాల్మా విగ్రహాన్ని పీకేస్తే పీఠం మీద కంచు బూట్లు మాత్రం మిగిలాయి. వాటినెవరూ తీయలేదు. అమెరికాకు తలొగ్గాడని ఆయన మీద విప్లవకారుల కోపం. పీఠాన్ని ఖాళీగా ఉంచడం కంటే బూట్లతో ఉంచడం ఘాటైన వ్యాఖ్య అయింది.

విప్లవ చతురస్రంలో మరో రకం మార్పు కనిపిస్తుంది. స్వాతంత్ర్య పోరాట నాయకుడు, కవి హోసే మార్తీ పేరిట 109 మీటర్ల స్మారకం, చుట్టూ ఉన్న మంత్రిత్వ శాఖల భవనాలు ఎక్కువగా విప్లవం ముందటివే, నియంత బతిస్తా కాలంలో లేచినవే. విప్లవం ఆ మైదానాన్ని జనంతో నింపి తనది చేసుకుంది. గోడ మీది చే గెవారా ఉక్కు రేఖాచిత్రం 1993లో మాత్రమే వచ్చింది. సోవియట్ యూనియన్ కూలి, కరెంటు, తిండి కరువైన గడ్డుకాలంలో ఆ ముఖాన్ని అక్కడ పెట్టడం యాదృచ్ఛికం అనిపించదు. దేశానికి తూర్పున ఉన్న సాంతియాగో నగరంలో 1953 జులై 26న కాస్ట్రో బృందం దాడి చేసిన మొంకాదా సైనిక శిబిరం ఇంకా తేటగా చెబుతుంది. దాడి తరవాత సైన్యం గోడ మీది తూటా రంధ్రాలను పూడ్చేసింది. విప్లవం గెలిచాక శిబిరాన్ని బడిగా మార్చారు, ఆ రంధ్రాలను మళ్లీ తవ్వారు. ఇవాళ కనిపించేవి పునర్నిర్మించిన గుర్తులు. అది తెలుసుకున్నాక ఆ గోడ విలువ తగ్గదు. చరిత్రను ఎవరు ఎప్పుడు కనబడేలా చేయాలనుకున్నారో చెప్పే పత్రం అవుతుంది.

గోల్ఫ్ మైదానంలో ఇటుక గుమ్మటాలు

క్యూబా కట్టడాల్లో ఒక్కదానికే సమయముంటే హవానా పశ్చిమాన కుబనాకాన్‌లో ఉన్న జాతీయ కళా పాఠశాలలకు వెళ్లాలి. 1961లో ధనికుల కంట్రీ క్లబ్ గోల్ఫ్ మైదానాన్ని కళల బడిగా మార్చాలని నిర్ణయించారు. రికార్దో పోర్రో, ఆయన పిలిచిన ఇటలీ ఆర్కిటెక్టులు వితోరియో గరాతి, రొబెర్తో గొతార్ది ఐదు బడులు రూపొందించారు. చిత్రకళ, ఆధునిక నృత్యం పోర్రోవి. సంగీతం, బాలే గరాతివి. నాటకం గొతార్దిది. ఇనుము, సిమెంటు దొరకని రోజులవి. అందుకని మట్టి కాల్చి చేసిన ఇటుక, పలచటి పలకలే దిక్కయ్యాయి. పలకలను బల్లపరుపుగా పరిచి, త్వరగా గట్టిపడే పదార్థంతో అంచులు కలిపి, దాని మీద రెండో పొర, మూడో పొర వేసుకుంటూ పోయే పద్ధతికి కాటలాన్ కమాను అని పేరు. సెంట్రింగు అవసరం చాలా తక్కువ. బలం బరువులో ఉండదు, వంపులో ఉంటుంది. కొరత వల్ల ఎంచుకున్న ఈ పద్ధతి ఆర్కిటెక్టుల చేతిలో వరమైంది.

చిత్రకళ బడిలోకి నడిస్తే ముందు ఏదీ మొత్తంగా కనిపించదు. కమానుల నడవా మెలికలు తిరుగుతూ లోపలికి తీసుకెళ్తుంది, పక్కన అండాకారపు స్టూడియోలు, ఒక్కోదాని నెత్తిన గుమ్మటం, గుమ్మటం నడినెత్తిన వెలుగు దిగే కంత. ఆఫ్రికన్ పల్లె అమరికను, స్త్రీ దేహాన్ని తలపించాలని పోర్రో ఉద్దేశం. చక్కెర దొరలు, వాళ్ల తరవాత వచ్చిన క్లబ్బు సభ్యులు నల్లవాళ్ల సంస్కృతిని అడుగుపెట్టనీయని నేల మీద ఆ సంస్కృతినే కట్టడంగా నిలబెట్టాడు. గరాతి సంగీతం బడి పొడవాటి పాములా పచ్చిక మీద ఒంపులు తిరుగుతుంది.

ఈ ఉత్సాహం నాలుగేళ్లు నిలిచింది. క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద అమెరికాతో వచ్చిన 1962 సంక్షోభం తరవాత డబ్బు, దృష్టి రక్షణ వైపు పోయాయి. సోవియట్ పద్ధతిలో ముందే పోతపోసిన కాంక్రీటు పలకలతో వేగంగా ఇళ్లు కట్టాలన్న వాదం గెలిచింది. ఈ బడులు వ్యక్తివాదమని, విలాసమని విమర్శలొచ్చాయి. 1965లో పని ఆపేశారు. పోర్రో పారిస్ వెళ్లిపోయాడు. బాలే బడి పూర్తయ్యే దశలోనే వదిలేయడంతో అడవి పట్టింది, పక్కనున్న కిబూ ఏరు పొంగినప్పుడు నీళ్లు చేరాయి. 2000లో ప్రపంచ స్మారకాల పరిశీలన జాబితాలోకి ఎక్కాక మళ్లీ కదలిక వచ్చింది, ఆ తరవాత జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒకే విప్లవం ఆరేళ్లలో ఇంత కల గని, అంతలోనే ఆ కలను తప్పుపట్టిందని ఈ ఇటుకలు చెప్పినంత స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

అక్కడినుంచి నేరుగా నగరానికి తూర్పున ఉన్న అలమార్‌కు వెళ్లడం మంచిది. టూరు బస్సులు ఆగని చోటు. ఫ్యాక్టరీ నుంచి కొందరు కార్మికులను విడుదల చేసి ఇళ్లు కట్టిస్తే, మిగిలినవాళ్లు వాళ్ల వంతు పని కూడా చేసే మైక్రో బ్రిగేడ్ల పద్ధతిలో 1970ల్లో లేచిన పేట ఇది. వరసలుగా ఐదంతస్తుల ఇళ్లు, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు. చూడముచ్చటగా ఉండవు. కానీ కళా పాఠశాలలను కాదని ఎంచుకున్నదేమిటో, ఆ ఎంపిక ఎంతమందికి తలదాచుకునే చోటిచ్చిందో చూడకుండా ఆ ఎంపికను తప్పు పట్టడం న్యాయం కాదు.

కొరతలోంచి పుట్టిన పోస్టర్లు

విప్లవం గెలిచిన మూడు నెలలకే, 1959 మార్చిలో, క్యూబా సినిమా సంస్థ ఐకాయిక్ ఏర్పడింది. దాని పోస్టర్లు ఎక్కువగా 51 సెంటీమీటర్ల వెడల్పు, 76 ఎత్తు. చేత్తో కోసిన స్టెన్సిళ్లతో స్క్రీన్ ప్రింటింగ్. వాటిలో నటుల ముఖాలు అరుదు. టికెట్టు అమ్ముకోవాల్సిన ఒత్తిడి లేకపోవడంతో డిజైనర్లకు స్వేచ్ఛ దొరికింది, రంగులు కొద్దిగానే ఉండటంతో క్లుప్తత అలవడింది. ఎదువార్దో మున్యోస్ బాక్స్, రెనె అస్కుయ్, అంతోనియో ఫెర్నాందెస్ రెబొయిరో లాంటివాళ్లు ఈ హద్దుల్లోనే ఎవరి బాణీ వాళ్లు సాధించారు. అల్ఫ్రెదో రొస్త్‌గార్ద్ 1967లో నిరసన పాటల సమావేశానికి చేసిన పోస్టర్‌లో ఒక గులాబీ, దాని ముల్లు, ముల్లు కొసన నెత్తుటి బొట్టు, అంతే.

1966 జనవరిలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ప్రతినిధులు హవానాలో సమావేశమయ్యారు. దాని ఫలితంగా పుట్టిన ఓస్పాల్ అనే సంఘీభావ సంస్థ తన పత్రికలో పోస్టర్లు మడతపెట్టి దేశదేశాలకు పంపింది. స్పానిష్, ఇంగ్లీషు, ఫ్రెంచి, అరబిక్‌లలో పక్కపక్కనే నినాదాలు. పాత ప్రతులకు ఇవాళ్టికీ ఆ మడతల గీతలుంటాయి. అవి గోడల కోసమే పుట్టాయి, తపాలాలో ప్రయాణించాయి. 2019లో ఆ సంస్థ మూతపడింది.

తెలుగు ఊళ్లలో ఆటోల వెనక, కాలేజీ గోడల మీద, ఫ్లెక్సీల మీద కనిపించే చే గెవారా ముఖానిదీ అదే ప్రయాణం. 1960 మార్చి 4న హవానా రేవులో లా కూబ్ర్ అనే ఓడ పేలింది. మర్నాడు సంతాప సభలో ఫొటోగ్రాఫర్ అల్బెర్తో కోర్దా తీసిన చిత్రమది. అంతకుముందు ఆయన ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్. అసలు నెగెటివ్‌లో ఒక పక్క మరో మనిషి ముఖం, ఇంకో పక్క తాటిజాతి చెట్టు ఆకులు ఉన్నాయి. వాటిని కత్తిరించేసరికి మనిషి స్థలం నుంచి, కాలం నుంచి విడిపోయాడు. పత్రిక అప్పట్లో దాన్ని వాడలేదు. 1967లో చే మరణం తరవాత ఇటలీలో పోస్టరుగా వచ్చాక ప్రపంచమంతా పాకింది. ఒక వోడ్కా ప్రకటనలో వాడినందుకు 2000లో కోర్దా కోర్టుకెళ్లి, వచ్చిన డబ్బును క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు. ఆ చూపులోని కోపం నిన్న పోయిన మనుషుల కోసమని తెలిస్తే ఆటో వెనక బొమ్మ కూడా వేరుగా కనిపిస్తుంది.

ఎవరి కోసం బాగుచేస్తున్నారు

1950ల చివర్లో ఆర్కిటెక్టు హోసెప్ లూయిస్ సెర్త్ బృందం గీసిన ప్రణాళిక అమలై ఉంటే పాత హవానాలో చాలాభాగం మిగిలేది కాదు. వీధులు వెడల్పు చేసి, ఇళ్ల సముదాయాల నడుమ కార్ల పార్కింగు పెట్టి, మలెకోన్ ముందు సముద్రంలో హోటళ్ల కోసం కృత్రిమ ద్వీపం కట్టాలనుకున్నారు. విప్లవం రావడంతో అది అటకెక్కింది. 1982లో పాత నగరం, కోటలు యునెస్కో జాబితాలోకి వచ్చాయి. నగర చరిత్రకారుడి కార్యాలయానికి 1967 నుంచి 2020లో మరణించేదాకా ఎవుసెబియో లెయాల్ సారథి. 1993 చట్టంతో ఆ కార్యాలయానికి హోటళ్లు, రెస్టారెంట్లు నడిపి ఆ లాభంతో కట్టడాలు బాగుచేసే హక్కు దొరికింది. ప్లాసా వియెహా చౌకులో 1950ల్లో కట్టిన కార్ల పార్కింగును తీసేసి మళ్లీ చౌకు చేశారు. బళ్లు, వృద్ధుల కేంద్రాలు, ప్రసూతి గృహం కూడా ఆ డబ్బుతో నడిచాయి. ఇంత పేద దేశంలో ఇలాంటి ఏర్పాటు నిలబెట్టడం గొప్ప సంగతి. 2016లో ఆ వ్యాపారాలు సైన్యం నడిపే సంస్థల చేతికి వెళ్లాయి. ఈమధ్య వెదాదోలో 23వ వీధిలో నలభై అంతస్తులు దాటిన హోటల్ లేచింది. 2024 అక్టోబరులో దేశం మొత్తానికి కరెంటు పోయింది. ఇటుక దొరక్క ఇళ్లు కూలుతున్న నగరంలో ఆ హోటల్‌కు సిమెంటు ఎలా దొరికిందని హవానా జనం అడుగుతున్నారు. ఆ ప్రశ్న సరైనదే.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు క్యూబా వెళ్లాలంటే ఒక విషయం చూసుకోవాలి. అమెరికా చట్టం ప్రకారం ఊరికే విహారానికి వెళ్లడానికి వీల్లేదు. అనుమతించిన పన్నెండు వర్గాల్లో ఏదో ఒకదాని కింద వెళ్లాలి. విద్యాయాత్ర, క్యూబా ప్రజలకు తోడ్పాటు అందులో ఉన్నాయి. పౌరసత్వం ఏదైనా అమెరికాలో నివసించేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. బస చేయకూడని హోటళ్ల జాబితా ఉంది, ఖర్చుల రికార్డులు దాచాలి. వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ నిబంధనలు మారాయి కాబట్టి టికెట్టు కొనేముందు తాజావి చదవాలి. బసకు కాసా పర్తికులార్లు, అంటే జనం తమ ఇళ్లలో అద్దెకిచ్చే గదులు, మంచివి. డబ్బు నేరుగా కుటుంబానికి చేరుతుంది, పైగా అటక ఉన్న ఇల్లు లోపలినుంచి ఎలా ఉంటుందో తెలుస్తుంది. అక్కడ మందులు కూడా కొరతే, కాబట్టి మనవి మనమే తీసుకెళ్లాలి. కరెంటు, పెట్రోలు కోతల వల్ల ఊళ్ల మధ్య ప్రయాణాలు తలకిందులవుతాయి కాబట్టి తక్కువ ఊళ్లు, ఎక్కువ రోజులు పెట్టుకోవడం మేలు. హవానా, త్రినిదాద్, వీలైతే మతన్జాస్ చాలు.

ఇప్పట్లో వెళ్లలేనివాళ్లకు కూడా దారులున్నాయి. లామ్ చిత్రం న్యూయార్క్‌లోనే ఉంది. మయామి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని క్యూబా వారసత్వ సేకరణలో పత్రాలు, ఫొటోలు, మ్యాపులు పెద్దఎత్తున ఉన్నాయి, ప్రవాసులు తెచ్చినవీ వాటిలో చేరాయి. ద్వీపం వదిలి వెళ్లినవాళ్లు ఏవి వెంట తెచ్చుకున్నారో, ఏ వీధులను ఎలా గుర్తుంచుకున్నారో హవానా మ్యూజియాల్లో కనపడదు. దానికి మయామి వెళ్లాల్సిందే.